పోటు సరే, ఆటు ఏది?

గత సంవత్సరము మన కళాశాల ఆవరణలో జరిగిన వైద్య శిబిరములో పేర్లు, అంకెలు వ్రాసికొను బల్ల వద్ద మేము కూర్చొని ఉంటిమి. ఉదయము పది గంటల నుండి మధ్యాహ్నము ఒంటిగంట వరకు షామియానా క్రింద అధ్యాపకులు, కార్యాలయ సిబ్బంది, విద్యార్థుల తల్లిదండ్రులు బారులు తీరినారు. చేతికి పట్టీ చుట్టుట, గాలి కొట్టుట, అంకె చెప్పుట, చీటీ ఇచ్చుట. ఒక్కొక్కరికి రెండు నిమిషములైనను పట్టలేదు. వసతిగృహమునకు రాత్రి కాపలా కాయు చాచా కూడ వచ్చినారు. యాబది దాటిన మనిషి. ఎన్నో ఏండ్లుగా ఆయనది రాత్రి కాపలాయే. పని దిగి, నిద్ర లేని కన్నులతోనే వరుసలో నిలిచినారు. 128, 82 అని వచ్చినది. "అంతా బాగున్నది చాచా, భయము లేదు" అని చీటీ ఇచ్చినారు. దానిని మడిచి చొక్కా జేబులో భద్రముగా పెట్టుకొని ఆయన వెళ్ళిపోయినారు.

నాలుగు నెలల పిమ్మట ఒక వేకువజామున, ఫజర్ నమాజుకు లేచిన వసతిగృహ విద్యార్థులు గేటు వద్ద కుర్చీలోనే ఒక ప్రక్కకు ఒరిగిపోయి ఉన్న చాచాను చూచినారు. మూతి వంకర పోయినది. కుడిచేయి లేవలేదు. పిల్లలు మోసుకొని పోయి ఆస్పత్రిలో చేర్చినందున ప్రాణము దక్కినది. ఇప్పుడాయన ఇంటివద్దనే ఉన్నారు. మాట ముద్దముద్దగా వస్తున్నది. కొంత కోలుకొన్న తరువాత రక్తపు పోటును ఇరువది నాలుగు గంటలు కొలుచు యంత్రము కట్టి చూడగా, మేలుకొని ఉన్న వేళల పై అంకె సగటున 134, నిద్రించిన వేళల సగటు 147. చక్కెర వ్యాధి కూడ ఉన్నదని రక్తపరీక్షలో తేలినది. అది ఎన్నేండ్ల నుండి ఉన్నదో ఆయనకే తెలియదు.

శిబిరమునకు వచ్చిన వైద్యుని మేము నిందించుట లేదు. ఆయన చెప్పిన అంకె ఆ ఘడియకు నిజమైన అంకెయే. ఒక్క మనిషి కథతో శాస్త్రము రుజువు కాదనియు మాకు తెలియును. చాచాకు వచ్చిన పక్షవాతమునకు రాత్రి పోటే కారణమని మేము ప్రమాణము చేయజాలము. మా ఫిర్యాదు వేరు. పగటివేళ ఒక్కసారి చూచిన అంకెతో నడివయస్సు మనిషికి "భయము లేదు" అని చీటీ వ్రాసి ఇచ్చు అలవాటు మీదనే మా ఫిర్యాదు.

మన భాష ఈ సంగతికి పెట్టిన పేరు ఎంతో చక్కనిది. సముద్రమునకు పోటు ఉన్నట్లే రక్తమునకును పోటు అన్నారు. పోటు ఉన్నచోట ఆటు కూడ ఉండవలెను గదా! ఆరోగ్యవంతుని శరీరములో ఆ ఆటు వచ్చునది నిద్రలోనే. కన్ను మూతపడి నిద్ర గాఢమైన కొలది సహానుభూత నాడుల బిగువు సడలును, గుండె నెమ్మదించును, రక్తనాళములు వదులగును. పగటి సగటు కంటె రాత్రి సగటు 10 నుండి 20 శాతము వరకు తగ్గును. పగలు 130 ఉన్నవానికి నిద్రలో 104 నుండి 117 వరకు ఉండవలెనన్నమాట. తెల్లవారుచుండగా పోటు తిరిగి లేచును. కొందరిలో ఈ తగ్గుదల 10 శాతమునకు చేరదు. మరికొందరిలో తగ్గుటకు మారుగా పెరుగును. పగలెల్ల పని చేసిన గుండెకు, మూత్రపిండములకు, మెదడులోని సన్నని నాళములకు ఇట్టివారిలో సెలవు అనునది లేదు.

ఈ సంగతి మానవునికి ఇంత ఆలస్యముగా ఏల తెలిసినది? కొలుచు సాధనమే అందుకు కారణము. చేతికి పట్టీ చుట్టి పోటును కొలుచు పద్ధతిని 1896లో ఇటలీ దేశీయుడగు రీవా రోచీ కనిపెట్టినాడు. 1905లో రష్యా వైద్యుడు కొరత్కోవ్ ఆ పట్టీ క్రింద స్టెతస్కోపు పెట్టి చప్పుడు విని రెండు అంకెలను పట్టుకొనుట నేర్పినాడు. రెండు పద్ధతులకును రోగి మేలుకొని వైద్యుని ఎదుట ఉండవలెను. 1960 దశకములో శాన్‌ఫ్రాన్సిస్కోలో సోకోలోవ్, ఆయన సహచరులు మనిషి వెంట మోసికొని పోదగిన యంత్రమును వాడినారు గాని, పట్టీలో గాలి రోగియే నింపుకొనవలసి ఉండెను; నిద్రపోయినవాడు గాలి ఎట్లు కొట్టును? 1969లో ఆక్స్‌ఫర్డు పరిశోధకులు ధమనిలోనికే సన్నని గొట్టమును పంపి, స్వేచ్ఛగా తిరుగుచు పడుకొను మనుష్యులలో రాత్రింబగళ్ళ పోటును గీతలుగా తీసినారు. నిద్రలోని ఆటు అప్పుడు స్పష్టముగా కంటబడినది. 1988లో డబ్లిన్ నగరపు ఓబ్రయన్, ఆయన సహచరులు రాత్రి పోటు తగ్గువారిని, తగ్గనివారిని రెండు తెగలుగా విడదీసి, తగ్గనివారిలో పక్షవాతపు చరిత్ర హెచ్చుగా ఉన్నదని చూపినారు.

జపాను దేశములో ఒహాసామా అను గ్రామీణ ప్రాంతపు ప్రజలను ఏండ్ల తరబడి అనుసరించి 2002లో ప్రకటించిన లెక్క మమ్ములను ఎక్కువగా ఆలోచింపజేసినది. రాత్రి తగ్గుదలలో ప్రతి 5 శాతము లోటునకును గుండె, రక్తనాళముల వ్యాధులతో మరణించు ప్రమాదము దాదాపు 20 శాతము హెచ్చినది. మొత్తము మీద ఇరువది నాలుగు గంటల సగటు బాగుగనే ఉన్నవారిలో కూడ ఈ తేడా కనబడినది. 2005లో డబ్లిన్‌లోనే 5,292 మంది రోగుల లెక్కలు తీసి చూడగా, వైద్యుని గదిలో చూచిన పోటు కంటెను, పగటి పోటు కంటెను, రాత్రి పోటే రాబోవు మరణములను గట్టిగా సూచించినది. అందుచేతనే నేడు వైద్యులు మేలుకొన్న వేళకు 135, 85 అంకెలను హద్దుగా పెట్టి, నిద్రవేళకు 120, 70 అను మరింత తక్కువ హద్దును పెట్టినారు.

ఇక నడివయస్సు మాట. నలుబది దాటిన మన ఇంటి పెద్దలలో పోటు ఒంటరిగా రాదు. నడుము చుట్టు కొవ్వు, రక్తములో హెచ్చిన కొవ్వు పదార్థములు, పరగడుపున 100 దాటిన చక్కెర, ఇవన్నియు చేయి చేయి పట్టుకొని వచ్చును. 1988లోనే అమెరికా శాస్త్రజ్ఞుడు రీవెన్ వీటన్నిటి వెనుక ఇన్సులిన్‌కు శరీరము లొంగకపోవుట ఉన్నదని చెప్పినాడు. లొంగని శరీరమును లొంగదీయుటకు క్లోమము మరింత ఇన్సులిన్‌ను విడుచును. ఆ హెచ్చు ఇన్సులిన్ మూత్రపిండముల చేత ఉప్పును పట్టి ఉంచజేయును. సహానుభూత నాడులను రెచ్చగొట్టును. రాత్రి సడలవలసిన బిగువు సడలదు. పగలు బయటకు పోవలసిన ఉప్పు పోదు. దానిని రాత్రి బయటకు నెట్టుటకు శరీరము పోటును పైననే నిలుపుకొనును. "వయస్సు మీద పడినది, రాత్రి రెండు మూడు సార్లు లేవవలసి వస్తున్నది" అని మన నాన్నలు అనుకొను మాట వెనుక ఈ కథ ఉండవచ్చును. చక్కెర వ్యాధి ముదిరినపుడు గుండెను, నాళములను నడుపు నాడులే దెబ్బతిని, ఆటుపోటుల క్రమమే చెడును.

సన్నగా ఉన్నవారు ఇది మా సంగతి కాదని అనుకొనరాదు. పుణె నగరపు వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ 2004లో తమ ఇద్దరి ఫోటోను ఒక వైద్యపత్రికలో వేయించినారు. ఎత్తునకు తగిన బరువు లెక్కలో ఇద్దరిదీ ఒకే అంకె: 22.3. శరీరములోని కొవ్వు మాత్రము ఆంగ్లేయునికి 9.1 శాతము, మనవానికి 21.2 శాతము! అందుకే మన జాతివారికి నడుము హద్దును మగవారికి 90, ఆడువారికి 80 సెంటీమీటర్లుగా తగ్గించి పెట్టినారు. పాంటు బొత్తాము పెట్టుకొన్న చోటు కాదు, బొడ్డు దగ్గర టేపు పెట్టి చూడవలెను. 2023లో ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధనా మండలివారి దేశవ్యాప్త పరిశీలన ప్రకారము పెద్దలలో చక్కెర వ్యాధి 11.4 శాతము, రక్తపు పోటు 35.5 శాతము. మొదటి గుండెపోటు కూడ దక్షిణాసియావారికి ఇతరుల కంటె అయిదారేండ్లు ముందుగా వస్తున్నదని 2007లో వెలువడిన ఒక పెద్ద పరిశీలన తెలిపినది. అనగా పిల్లలు డిగ్రీ చదువుచుండగనే తండ్రి మంచము పట్టు వయస్సు!

గురక సంగతి నవ్వులాటగా మారినది. "మా అబ్బాజాన్ గురక పెట్టితే వీధి చివరకు వినబడును" అని విద్యార్థులు చెప్పుకొని నవ్వుట మేము విన్నాము. లావైన మెడ, బొజ్జ ఉన్న నడివయస్సు మనిషి పెద్దగా గురక పెట్టి, ఉన్నట్లుండి శ్వాస ఆగి, మరల ఉలికిపడినట్లు గాలి పీల్చినచో అది నవ్వవలసిన విషయము కాదు. శ్వాస ఆగిన ప్రతిసారియు ప్రాణవాయువు తగ్గి, నాడులు రెచ్చి, పోటు ఎగయును. రాత్రికి అనేక పర్యాయములు ఇట్లు జరుగును. తెల్లవారి లేచినవానికి ఇదేమియు జ్ఞాపకముండదు. తలనొప్పియు, పగటి కునుకులును మాత్రమే మిగులును. ప్రక్కన పడుకొన్న అమ్మకే దీని సంగతి తెలియును. ఆమెను అడిగిన వైద్య శిబిరమును మేమింతవరకు చూడలేదు.

మనము రాత్రిని ఏమి చేసినామో కూడ చెప్పుకొనవలెను. షాదీఖానాలో పెండ్లి విందు రాత్రి పదకొండు కంటె ముందు ప్రారంభమైనచో పెండ్లివారికి మర్యాద తక్కువైనట్లు భావించు స్థితికి వచ్చినాము. బిర్యానీ, దాల్చా, ఆపైన డబుల్ కా మీఠా తిని ఒంటిగంటకు ఇల్లు చేరినవాని కడుపు తెల్లవార్లు కొలువు చేయుచునే ఉండును. హిందూ సోదరుల ఇండ్లలో ఆవకాయ, అప్పడము, వడియము లేని భోజనము భోజనము కాదు. రోజుకు అయిదు గ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఉప్పు ఒక్కపూటకే చెల్లిపోవును. రంజాన్ మాసమును కొందరు ఇందులోనికి లాగుదురు. ఉపవాసమును మేము తప్పుపట్టము. తక్కిన పదకొండు మాసములలో పగటి ఉపవాసము లేకయే రంజాన్ రాత్రుల వలె తినుటనే తప్పుపట్టుచున్నాము. మాత్రలు వాడువారు మాత్రము రంజాన్ రాకముందే, ఏ మాత్ర ఇఫ్తార్ వేళకు, ఏది సహరీ వేళకు అని వైద్యుని అడిగి తెలిసికొనుట మంచిది.

తిండి కంటెను బలమైనది వేళ తప్పిన జీవనము. 2009లో అమెరికాలో పదిమంది ఆరోగ్యవంతులను ఒక ప్రయోగశాలలో ఉంచి, వారి నిద్ర, భోజన వేళలను శరీరములోని గడియారమునకు పూర్తిగా ఎదురు తిప్పినారు. కొద్దిదినములలోనే వారి రక్తములో చక్కెర 6 శాతము, ఇన్సులిన్ 22 శాతము, సగటు పోటు 3 శాతము పెరిగినవి. కొందరిలో భోజనానంతర చక్కెర వ్యాధికి ముందుదశ అంకెలను తాకినది. ఇది కొద్దిదినముల ఫలితము. హైదరాబాదులో అమెరికా వేళలకు పనిచేయు మన పూర్వ విద్యార్థులు, రాత్రి బస్సులు నడుపు మన విద్యార్థుల తండ్రులు, ఆస్పత్రులలో రాత్రి విధులు చేయు అక్కలు, మన చాచా, వీరెల్లరు దీనిని ఏండ్ల తరబడి అనుభవించుచున్నారు.

ఇందులో మన పెద్దలకు తెలియని మాట లేకపోలేదు. యూనానీ వైద్యము ఆరోగ్యమునకు తప్పనిసరియైన ఆరు కారణములను "అస్బాబె సిత్తా జరూరియా" అని చెప్పుచు, గాలి, ఆహారపానీయముల సరసనే నిద్రా జాగరణములను కూర్చుండబెట్టినది. చరకుడు శరీరమును నిలుపు మూడు ఊతలలో నిద్రను ఒకటిగా లెక్కించినాడు. మరొక ముచ్చట: 1931లో ఢిల్లీ తిబ్బియా కళాశాలలో సలీముజ్జమాన్ సిద్దిఖీ, రఫత్ హుసేన్ సిద్దిఖీ అనువారు సర్పగంధ వేరులోని సారములను వేరుచేసి, ఒకదానికి హకీం అజ్మల్ ఖాన్ గౌరవార్థము అజ్మలీన్ అని పేరు పెట్టినారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం వకీల్ ఆ వేరు పోటును తగ్గించునని ఆంగ్ల పత్రికలో వ్రాసిన పిదపనే పాశ్చాత్య లోకము దానివైపు చూచినది. పోటునకు మందు వెదకుటలో ముందు నడచిన దేశము మనది. రాత్రి పోటును చూచుటలో మాత్రము వెనుకబడినాము.

ఇది చదివి ఎవరును తమ తండ్రిగారి మాత్రలను ఉదయము నుండి రాత్రికి మార్చరాదు. రాత్రి వేసికొన్నచో మేలు హెచ్చునని కొంతకాలము బలముగా ప్రచారము జరిగినది. 2022లో బ్రిటన్‌లో 21,104 మందిపై జరిగిన పరీక్షలో, గుండెపోటు, పక్షవాతములను ఆపుటలో ఉదయపు మాత్రకు, రాత్రి మాత్రకు భేదము కనబడలేదు. మరువకుండ వేసికొనగల వేళయే మంచి వేళ. ఇంటిలో యంత్రము ఉన్న విద్యార్థులు చేయదగిన పని వేరొకటి ఉన్నది. పెద్దలు పడుకొనబోవు ముందు ఒకసారి, లేచిన గంటలోపున మూత్రవిసర్జన అయి మాత్ర వేసికొనక ముందు ఒకసారి, అయిదు నిమిషములు నెమ్మదిగా కూర్చుండబెట్టి పోటు చూచి, వారము దినములు పుస్తకములో వ్రాయవలెను. నిద్రలోని పోటు దీనితో తెలియదు గాని, తెల్లవారుజాము అంకె ఎప్పుడును పైననే ఉన్నచో ఆ పుస్తకమే వైద్యుని చేత ఇరువది నాలుగు గంటల పరీక్ష వ్రాయించును.

కమిటీవారికి మా మనవి ఇది. శిబిరములో నలుబది దాటిన ప్రతివారికి నడుము కొలత, చక్కెర పరీక్ష తప్పక జరుపవలెను. గురక పెట్టుదురా, రాత్రి ఎన్నిసార్లు లేచెదరు, రాత్రి పని చేయుదురా అను మూడు ప్రశ్నలు చీటీలోనే అచ్చు వేయించవలెను. వాటిలో రెండింటికి అవునని చెప్పినవారికి "భయము లేదు" అని వ్రాయక, ఇరువది నాలుగు గంటల పరీక్షకు పంపవలెను. అందుకు యంత్రము ఒకటి కొని పెట్టుటకు ఖర్చు ఎంతయగునో కమిటీవారు విచారించిన మంచిది. వార్షికోత్సవపు విందు ఎనిమిదింటికే ముగియవలెననుట కూడ మా కోరిక. గత ఉత్సవములో ముషాయిరా ముగిసి విస్తరి ముందు కూర్చొనునప్పటికి పన్నెండు దాటినది. కవులు మమ్ము క్షమింతురు గాక.

అన్నిటికంటె ముఖ్యము కాపలా సంగతి. ఒక్క మనిషికే సంవత్సరమంతయు రాత్రి కాపలా ఇచ్చుట పొదుపు అని కమిటీలో కొందరు పెద్దల అభిప్రాయము. రాత్రి అలవాటైపోవునని కూడ వారి వాదన. శరీరములోని గడియారము సూర్యుని చూచి తిరుగునది. నెల జీతము చూచి తిరుగదు. ముగ్గురు మనుష్యులను నియమించి, ఎవరికిని వరుసగా మూడు రాత్రులకు మించి కాపలా లేకుండ చేయవలెను. మిగిలిన దినములలో వారు పగటి పని చేయుదురు. ఇద్దరి జీతము అదనమగుమాట నిజమే. పగలు తోటపని, ప్రయోగశాల శుభ్రము చేయువారు లేరని ప్రతి సమావేశములోను చెప్పుకొనుచునే ఉన్నాము గదా!

చాచా స్థానములో ఇప్పుడు ఆయన తమ్ముడు పనిచేయుచున్నాడు. వయస్సు నలుబదిమూడు. ఆయనకు కూడ ప్రతి రాత్రి కాపలాయే. మొన్న గేటు వద్ద మేము టేపు పెట్టి నడుము కొలిచినాము, 97 సెంటీమీటర్లు. పరగడుపున చక్కెర చూపించుకొమ్మని చెప్పగా, పొద్దున ఇంటికి పోగానే నిద్ర ముంచుకొచ్చునని, పరీక్షాశాల తెరచు వేళకు లేవలేకున్నానని అన్నాడు. నెలకు పది దినములైన పగటి పని ఇప్పించవలెనని అతడు ఉర్దూలో వ్రాసిన దరఖాస్తునకు తెలుగు ప్రతి కూడ చేర్చి జనవరిలోనే కార్యాలయమునకు అందజేసినాము. అది ఇంకను అక్కడనే ఉన్నది.